బుద్ధుడి బొమ్మలు చాలు, యార్డు వైపు చూడండి

ప్రశ్న: నమస్తే సార్. నా వయసు 38. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక 132 కె.వి. సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఇంజనీరుగా పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మలంటే పిచ్చి. విశాఖ వెళ్ళి ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటే నాన్నగారు ఒప్పుకోలేదు, పాలిటెక్నిక్‌లో వేశారు. ఉద్యోగంలో కుదురుకున్నాక మళ్ళీ కుంచె పట్టాను. పదేళ్ళుగా అక్రిలిక్‌లో పాపికొండలు, పడవలు, రాధాకృష్ణులు, బుద్ధుడు వేస్తున్నాను. గృహప్రవేశాలకు ఆర్డర్లు వస్తున్నాయి. పోయిన ఏడాది ఒక గ్రూప్ షోలో నావి రెండు పెట్టారు. ఒక పెద్ద చిత్రకారుడు వచ్చి కాసేపు చూసి, "చెయ్యి బాగుంది బాబూ. నువ్వే ఎక్కడా కనపడలేదు" అనేసి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి మనసు విరిగిపోయింది. నైట్ డ్యూటీలో కిటికీలోంచి యార్డు (ఆరుబయట కరెంటు పరికరాలుండే ఆవరణ) చూస్తూ కాగితాల వెనక ఏవేవో గీస్తాను, తెల్లారాక చించి పారేస్తాను. ఉద్యోగం మానేసి పూర్తిగా దీని మీదే కూర్చుంటే ఎదుగుతానేమో అనిపిస్తోంది. బి.ఎఫ్.ఎ.లో (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో) చేరదామా అని కూడా ఉంది. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను ఉన్నాయి. మా ఆవిడ వద్దనడం లేదు గానీ భయపడుతోంది. ఈ ఉద్యోగం నాలోని ఆర్టిస్టుని చంపేస్తోందా? — ఒక పాఠకుడు

జవాబు: మానెయ్యకండి. ఇప్పుడైతే వద్దు. దానికి కారణం పిల్లలూ లోనూ కాదు, వాటి సంగతి మీకూ మీ ఆవిడకీ నాకంటే బాగా తెలుసు. ఆ పెద్దాయన అన్న మాటకీ మీ ఉద్యోగానికీ సంబంధం లేదు, అదీ కారణం. ఆయన టైం చాల్లేదనలేదు, చెయ్యి తిరగలేదనలేదు. మీరు కనపడలేదన్నారు. ఉద్యోగం మానేస్తే రోజుకి పన్నెండు గంటలు దొరుకుతాయి, సరే. ఆ పన్నెండు గంటల్లో ఏం వేస్తారు? నెల తిరిగేసరికి ఈఎంఐ కట్టాలి కాబట్టి ఏది అమ్ముడుపోతుందో అదే వేస్తారు. మీ విషయంలో అది బుద్ధుడు. ఇప్పుడు నెలకి ఒకటి వేస్తున్నారేమో, అప్పుడు వారానికి రెండు వెయ్యాల్సి వస్తుంది. ఇవాళ ఎవరడిగినా "నేను వెయ్యను" అనగలిగే ధైర్యం మీ జీతం వల్లే వచ్చింది. ఆ ధైర్యాన్ని మీరింకా వాడుకోవడం మొదలుపెట్టలేదు.

మీరు పంపిన ఫోటోలు చూశాను. పాపికొండల బొమ్మలో నీళ్ళ మీద పడవ నీడ ఎంత శ్రద్ధగా వేశారో, అవతలి ఒడ్డున చెట్ల ఆకులూ అంతే శ్రద్ధగా వేశారు. పడవ అంచు, కొండ అంచు, మబ్బు అంచు, మూడూ కత్తితో కోసినట్టు ఒకే తీరున ఉన్నాయి. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకే తెలియాలి. కంట్రోల్ రూం గోడ మీద మీ సబ్‌స్టేషన్ సింగిల్ లైన్ డయాగ్రమ్, అంటే కరెంటు దారుల పటం, ఉంటుంది కదా. అందులో ఏ గీతా ఎక్కువ కాదు, ఏ గీతా తక్కువ కాదు. బస్‌బార్ (కరెంటు పంచే లోహపు కడ్డీ) ఎంత స్పష్టంగా ఉండాలో ఐసొలేటరూ (లైను విడదీసే స్విచ్చి) అంతే స్పష్టంగా ఉండాలి, లేకపోతే ఎవరి ప్రాణమో పోతుంది. ఆ క్రమశిక్షణ మీ చేతిలో ఇంకిపోయింది. బొమ్మకి ఆ నియమం అక్కర్లేదు. ఒక చోట కన్ను ఆగాలంటే పక్కన నాలుగు చోట్ల వదిలెయ్యాలి. కొండ అంచు మబ్బులో కలిసిపోనివ్వండి, దూరపు చెట్లని తడి గుడ్డతో తుడిచెయ్యండి. ఉద్యోగం మీ బొమ్మకి చేసిన చెడు ఏదన్నా ఉంటే ఇదొక్కటే. దీన్ని దిద్దుకోవడానికి రాజీనామా అక్కర్లేదు.

అసలు సంగతి మీ ఉత్తరంలో మీరే రాశారు, గమనించకుండా దాటిపోయారు. రాత్రి కిటికీలోంచి యార్డు చూస్తూ గీసి, తెల్లారాక చించేస్తున్నానన్నారు. పాపికొండల బొమ్మని ఫ్రేము కట్టిస్తున్నారు, దీన్ని చించేస్తున్నారు. ఎందుకని? అది డ్యూటీ, ఇది కళ అని మధ్యలో కంచె వేసుకున్నారు కాబట్టి. పాపికొండలు ఏడాదికి ఒకసారి లాంచీలో చూస్తారేమో. ఆ యార్డుని ఎన్నో ఏళ్ళుగా ఎండలో, వానలో, తెల్లవారుజాము మంచులో చూస్తున్నారు. మీ తోటి చిత్రకారుల్లో ఎంతమందికి తెలుసు, మంచు పడ్డ రాత్రి ఇన్సులేటర్ల దగ్గర ఆ సన్నని సరసర చప్పుడు ఎలా ఉంటుందో? గోధుమ రంగు పింగాణీ డిస్కుల మీద తడి పేరుకుని, ఫ్లడ్ లైటు పడినప్పుడు ఒక్కో డిస్కు అంచున సన్నగా వెలుగు మెరుస్తుంది, కింద కంకరంతా బూడిద రంగులో ఉంటుంది. ఇది ఎవరి ఫోటో చూసో వెయ్యాల్సిన పని లేదు, మీ కళ్ళ ముందే ఉంది.

ఇలా వేసినవాళ్ళున్నారా అంటే ఉన్నారు. సుధీర్ పట్వర్ధన్ గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. ఆయన 1949లో పుణేలో పుట్టారు, అక్కడి ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో 1972లో ఎం.బి.బి.ఎస్. పూర్తి చేశారు. ఆర్ట్ స్కూల్లో చదవలేదు, బొమ్మలు సొంతంగా నేర్చుకున్నారు. 1975 నుంచి 2005 దాకా థానేలో రేడియాలజిస్టుగా ప్రాక్టీసు చేశారు. అంటే ముప్ఫై ఏళ్ళు పగలు ఎక్స్‌రేలు చూస్తూనే బొమ్మలు వేశారు. ఏం వేశారు? ఆ ఊళ్ళో తన చుట్టూ ఉన్న మనుషుల్నే. లోకల్ రైళ్ళలో నలిగేవాళ్ళు, ఇరానీ హోటల్లో కూర్చున్నవాళ్ళు, కొండ వాలున లేచిన కాలనీలు, మిల్లుల పేటలు. ఆయన బొమ్మల్లో మనిషి ఒంటికి ఒక బరువుంటుంది. భుజం ఎలా వాలుతుందో, అలసిన మెడ ఎలా నిలుస్తుందో చూడండి. రోజూ ఒళ్ళు చూసే వృత్తికీ దానికీ సంబంధం లేదంటే నేను నమ్మను. తొలి సోలో ప్రదర్శన 1979లో ఢిల్లీలో జరిగింది. 1981లో ‘ప్లేస్ ఫర్ పీపుల్’ అనే ప్రదర్శనలో భూపేన్ ఖఖర్, గులామ్ మొహమ్మద్ షేక్, వివాన్ సుందరం, నళినీ మలానీ, జోగెన్ చౌధురి పక్కన ఆయనా ఉన్నారు. మన దేశంలో బొమ్మ మళ్ళీ మనిషి వైపు తిరిగిన సందర్భంగా దాన్ని చెప్పుకుంటారు. అప్పటికి ఆయన డాక్టరే. ఆ తర్వాత ఇంకా ఇరవై నాలుగేళ్ళు డాక్టరే.

ఆ జాబితాలోనే ఉన్న ఖఖర్ చార్టర్డ్ అకౌంటెంటు. బొంబాయి నుంచి బరోడా వెళ్ళి, పేరొచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్ళు పార్ట్‌టైం లెక్కలు రాశారు. చాలామంది చిత్రకారులు పారిస్ వైపు చూస్తున్న రోజుల్లో ఆయన వీధిలోని వాచీలు బాగుచేసేవాణ్ణీ మంగలినీ దర్జీనీ వేశారు. అప్పట్లో అలాంటివాళ్ళు బొమ్మకి పనికొస్తారని ఎవరూ అనుకోలేదు.

ఇంగ్లండులో చిత్రకారుడు ఎల్.ఎస్. లౌరీ కథ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. మాంచెస్టర్‌లో ఇళ్ళ అద్దెలు వసూలు చేసే గుమాస్తా ఆయన. 1910లో చేరి 1952లో రిటైరయ్యేదాకా ఒకే కంపెనీలో పనిచేశాడు. పగలు వీధి వీధీ తిరగడం, సాయంత్రం క్లాసులకి వెళ్ళడం, మంచాన పడ్డ తల్లి నిద్రపోయాక రాత్రి కూర్చుని వెయ్యడం. మిల్లులు, పొగ గొట్టాలు, షిఫ్టు అయ్యాక గేటులోంచి బయటపడే జనం, ఇవే ఆయన బొమ్మలు. లండన్‌లో తొలి సోలో 1939లో జరిగింది, అప్పటికి ఆయనకి యాభై దాటింది. ఒక్కటి మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవద్దు. ‘ఆదివారం ఆర్టిస్టు’ అంటారని భయపడి ఉద్యోగం సంగతి జీవితాంతం దాచిపెట్టాడు. మీరు దాచకండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మన దగ్గరే చూడండి. చిత్రకారుడు తోట వైకుంఠం గారు బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ లాంటి గురువు దగ్గర చదివొచ్చారు. అయినా చివరికి ఆయన్ని వైకుంఠంగా నిలబెట్టింది సొంతూరు బూరుగుపల్లి ఆడవాళ్ళ ముక్కుపుడకలూ పెద్ద బొట్లే. పెద్ద కాలేజీలో చదివినవాళ్ళకే ఊరు తిరిగి చూసుకోక తప్పలేదు. ఇక బి.ఎఫ్.ఎ. అంటారా, నాలుగేళ్ళు. ఎం.ఎఫ్.ఎ.కి సాధారణంగా బి.ఎఫ్.ఎ. ఉండాలంటారు కాబట్టి దగ్గర దారి కూడా లేదు. కాలేజీ వల్ల మంచి స్నేహితులు దొరుకుతారు, మన బొమ్మని ముఖాన విమర్శించేవాళ్ళు దొరుకుతారు. మీకు కావాల్సింది అదే. దానికోసం 42 ఏళ్ళకి డిగ్రీ పట్టా అందుకోనక్కర్లేదు.

ఏం చెయ్యాలో చెబుతాను. ముందు ఒక మాట: స్కెచ్ పుస్తకం పట్టుకుని యార్డులోకి వెళ్ళకండి. క్లియరెన్సుల గురించి, అంటే కరెంటు తీగలకి ఉండాల్సిన దూరం గురించి, నేను మీకు చెప్పాలా? గీస్తూ గీస్తూ మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు, అదే ప్రమాదం. ఫోటోలు కూడా పై ఆఫీసు అనుమతి లేకుండా తియ్యొద్దు. నిజానికి ఫోటో లేకపోవడమే మంచిది. కిటికీలోంచి చూడండి, గంట రీడింగు రాసేశాక ఒక పది నిమిషాలు. చూస్తూ గీయకండి. చూసి, తల తిప్పుకుని, జ్ఞాపకం మీద గీయండి. అప్పుడు అక్కర్లేనివి వాటంతటవే జారిపోతాయి. ఏది గుర్తుంటే అదే మీ బొమ్మ. ఇందాక అంచుల గురించి చెప్పిన జబ్బుకి ఇంతకన్నా మంచి మందు నాకు తెలీదు. డ్యూటీ కాగితాల మీద వద్దు, జేబులో పట్టే చిన్న పుస్తకం కొనుక్కోండి. ఫీడరు (కరెంటు తీసుకెళ్ళే లైను) ట్రిప్పయితే పుస్తకం మూసెయ్యండి, మళ్ళీ తెరవకపోయినా ఫర్వాలేదు.

కొన్నాళ్ళు రంగు ముట్టుకోవద్దు. చార్‌కోల్, తెల్ల చాక్‌పీసు, బూడిద రంగు కాగితం చాలు. ఎందుకంటే అక్రిలిక్‌లో మీ చేతికి అలవాటైపోయిన కొన్ని రంగులున్నాయి. సూర్యాస్తమయం నారింజ, నీళ్ళకి ఆ నెమలికంఠం నీలం. పెట్టె తెరిచారంటే చెయ్యి అటే పోతుంది. తర్వాత రంగులోకి వచ్చినా లెక్కగా తీసుకోండి. లౌరీ జీవితమంతా అయిదు రంగులతో వేశాడు: నలుపు, తెలుపు, ఎరుపు, ప్రష్యన్ బ్లూ, ఎల్లో ఓకర్. సబ్‌స్టేషన్‌కి అంతకంటే ఎక్కువ కావాలని నేననుకోను.

మనుషుల్ని వదిలేశారు మీరు, అది నాకు ఆశ్చర్యంగా ఉంది. రాధాకృష్ణులు, బుద్ధుడు తప్ప మీ బొమ్మల్లో మనుషులే లేరు, వాళ్ళు కూడా క్యాలెండరు మనుషులే. ఎల్.సి. (లైనులో కరెంటు ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని ఎన్నిసార్లు చూసుంటారు! నడుముకి బెల్టు కట్టి వెనక్కి వాలినప్పుడు ఒంటి బరువంతా నడుం మీదా అరికాళ్ళ మీదా పడుతుంది, మోకాళ్ళు కొద్దిగా వంగుతాయి, రెండు చేతులూ పనికి ఖాళీ అవుతాయి. తల పైకెత్తి పనిచేసి చేసి, కిందికి దిగాక మెడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడతాడు. ఆ నిలబడటం వెయ్యండి. కింద టీ కొట్టు దగ్గర, పనయ్యాక, అతన్ని అడిగి మరీ గీసుకోండి. మొదట్లో నవ్వుతారు, రెండు మూడు సార్లయ్యాక మిమ్మల్ని పట్టించుకోరు. మీకు కావాల్సింది అదే. ఒక ఏడాది ఇదే విషయం పట్టుకోండి, మధ్యలో విసుగొచ్చినా. మొదటి పది బొమ్మలు ఎలాగూ నీట్‌గా వస్తాయి, అందంగా ఉంటాయి, పనికిరావు. ఆ తర్వాత వచ్చేవి చూద్దాం.

షిఫ్టు డ్యూటీతో నిద్ర ఎలా పాడవుతుందో మీరు రాయలేదు గానీ నాకు తెలుసు. నైట్ చేసిన రోజు కుంచె పట్టకండి, పడుకోండి. నిద్ర లేకుండా వేస్తే చెయ్యి పాత అలవాట్లకే పోతుంది. నైట్ల వారమంతా చిన్న పుస్తకానికే వదిలేసి, డే షిఫ్టుల వారంలో, ఆఫ్ రోజున పెద్ద బొమ్మ పెట్టుకోండి. ఇంట్లో రాత్రి వేసేటట్టయితే మామూలు ట్యూబ్ లైటు కింద కలిపిన రంగు పొద్దున చూస్తే వేరేగా కనిపిస్తుంది. రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించే ఎల్‌ఈడీలు దొరుకుతాయి, పెట్టె మీద సి.ఆర్.ఐ. 90 పైన ఉందో లేదో చూసి కొనండి. కరెంటు ఇంజనీరుకి ఇది చెప్పడం నాకే నవ్వొస్తోంది.

మంచి బొమ్మల్ని ఫోన్లో కాదు, ఎదురుగా చూడాలి. మీకు రాజమండ్రి దగ్గర. అక్కడ చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి ఎన్నిసార్లు వెళ్ళారు? 1925లో, 28 ఏళ్ళు నిండకముందే పోయారాయన. మీరు వేసే గోదావరినే ఆయనా వేశారు. ఒకే బొమ్మ ముందు అరగంట నిలబడి, ఎక్కడ వదిలేశాడో చూడండి. ఎక్కడ వేశాడో అందరూ చూస్తారు. హైదరాబాద్ వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్, మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఎలాగూ ఉన్నాయి.

ఆ పెద్దాయన గురించి ఒక మాట. అలా అనేసి వెళ్ళిపోవడం మర్యాద కాదు, కొంచెం కూర్చుని చెప్పుండాల్సింది. కానీ "చాలా బాగుంది బాబూ" అని భుజం తట్టి వెళ్ళేవాళ్ళు పదేళ్ళుగా మీకు చేసిన మేలేమిటో కూడా ఆలోచించండి. ఒక ఏడాది అయ్యాక, కిటికీలోంచి గీసినవీ లైన్‌మన్లవీ పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్ళండి. ఆయన కుదరకపోతే మీ చుట్టుపక్కల ఊళ్ళలో నిజం చెప్పే చిత్రకారుల్ని ఇద్దర్ని వెతుక్కోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు కొట్టేవాళ్ళు ఆ పని చెయ్యరు.

మరి ఎప్పటికీ మానకూడదా అంటే, అలా అనడం లేదు. చిత్రకారుడు క్రిషెన్ ఖన్నా గ్రిండ్లేస్ బ్యాంకులో మంచి ఉద్యోగం 1961లో వదిలేశారు, ఇంచుమించు మీ వయసులోనే. కానీ అప్పటికే ఆయన ఎన్నో ఏళ్ళుగా ప్రదర్శనల్లో ఉన్నారు, ఆయన బొమ్మ ఆయనదేనని అందరికీ తెలుసు. మీకూ ఒక రోజు అలాంటి ఇబ్బంది రావచ్చు. చేతిలో పని సగంలో ఉండి, అది డ్యూటీ మధ్యలో ముక్కలవుతూ, ఇక దాన్ని ఆపడం కుదరని పరిస్థితి. అప్పుడు మళ్ళీ రాయండి, వేరే జవాబు ఇస్తాను. ఇప్పుడు మీకున్నది అలసట, ఒక మాట తగిలిన గాయం. వీటి మీద రాజీనామా రాసేవాళ్ళు ఏడాది తిరక్కుండా పశ్చాత్తాపపడటం నేను చూశాను.

డబ్బు సంగతి కాస్త పద్ధతిగా పెట్టుకోండి. బొమ్మలు అమ్ముతున్నారు కాబట్టి మీ సంస్థ సర్వీసు రూల్సు ఒకసారి చదివి, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే డ్యూటీకి అడ్డం రానంతవరకు అప్పుడప్పుడూ కళాత్మకమైన పని చేసుకోవడానికి రూల్సే ఒప్పుకుంటాయి. మీ సంస్థకి వేరే రూల్సు ఉంటాయి, ఆఫీసులో అడగండి. వచ్చిన డబ్బుని ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో చూపించండి. మీ ఆవిడ భయంలో సగం దీంతోనే పోతుంది. మిగతా సగం ఉద్యోగం మానడం లేదని ఆమెతో చెప్పేస్తే పోతుంది. ఆ మాట ఇవాళే చెప్పండి.

ఇప్పటికే ఎవరి దగ్గరన్నా అడ్వాన్సు తీసుకునుంటే ఆ బుద్ధుళ్ళని ఒప్పుకున్న తేదీకి ఇచ్చెయ్యండి, మాట తప్పకండి. కొత్త ఆర్డరు మాత్రం ఏడాది దాకా తీసుకోవద్దు. మరీ మొహమాటపెట్టే బంధువులొస్తే ధర మూడింతలు చెప్పండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఎవరన్నా ఒప్పుకుంటే ఆ డబ్బుతో మంచి కాగితం, ఆ ఎల్‌ఈడీ లైటు కొనుక్కోండి.